కొత్త ప్లేటు వేసినా జారిన క్లచ్: మార్పులు చేసిన ఒక పాత జిప్సీపై కేస్ స్టడీ

ఈ కేసులోని బండి 2001 మోడల్ మారుతి జిప్సీ కింగ్. ఇంజన్ కంపెనీ నుంచి వచ్చినదే: 1298 సీసీ, పదహారు వాల్వుల జీ13బీబీ పెట్రోల్ ఇంజన్. దాని గరిష్ఠ టార్క్ (తిప్పే బలం) సుమారు 103 న్యూటన్ మీటర్లు, అదీ 4,500 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దగ్గర. యజమాని కాఫీ, మిరియాల కొనుగోలు పని మీద విశాఖపట్నం నుంచి పాడేరు, చింతపల్లి ఊళ్లకు తరచూ వెళ్తుంటారు కాబట్టి, ఘాట్ రోడ్డుకూ మట్టి బాటలకూ పనికొచ్చేలా ఏళ్ల క్రమంలో బండికి చాలా మార్పులు చేయించారు. అసలు 205/70 ఆర్15 టైర్ల స్థానంలో 235/75 ఆర్15 టైర్లు వచ్చాయి. ముందు బరువైన ఇనుప బంపరు, దాని మీద వించి (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే యంత్రం) ఉన్నాయి. ఇంజన్ నుంచి పొగను బయటికి పంపే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ తీసేసి గొట్టాలతో చేసిన హెడర్ బిగించారు, డాష్‌బోర్డు మీద ఇంజన్ వేగం చూపే టాకోమీటరు ఒకటి విడిగా అమర్చారు. క్లచ్ మాత్రం కేబుల్‌తో పనిచేసే మామూలు డయాఫ్రమ్ రకమే. ఇందులో ఇంజన్‌తో పాటు తిరిగే ఫ్లైవీల్ అనే బరువైన చక్రానికి, క్లచ్ ప్లేటును డయాఫ్రమ్ అనే పళ్లెం లాంటి స్ప్రింగ్ ప్రెషర్ ప్లేటు ద్వారా నొక్కి పడుతుంది. పెడల్ తొక్కితే రిలీజ్ బేరింగ్ ఆ స్ప్రింగ్ వేళ్లను నొక్కి పట్టు వదిలిస్తుంది.

ఫిర్యాదు ఒక్కటే. ఘాట్ ఎక్కేటప్పుడు నాలుగో గేరులో యాక్సిలరేటర్ నొక్కితే ఇంజన్ మోత పెరుగుతోంది కానీ బండి లాగడం లేదు, కాసేపటికి కాలిన వాసన వస్తోంది. "రెండుసార్లు కొత్త ప్లేటు వేయించాను మేస్త్రి గారూ, వేసిన కొన్నాళ్లు బాగుంటుంది, మళ్లీ అదే వరస. ఈసారి రేసు బండ్లకు వేసే సెరామిక్ ప్లేటు వేసేయండి" అన్నారాయన. ఆయన అడిగింది వేయకుండా ఎందుకు ఆగానో, రెండు ప్లేట్లు ఎందుకు నిలవలేదో చెప్పడానికే ఈ కేసును వివరంగా రాస్తున్నాను. మార్పులు చేసిన పాత బండిలో క్లచ్ జారితే చాలామంది నేరుగా "ఇంకా గట్టి ప్లేటు" దగ్గరికి వెళ్లిపోతున్నారు. నా అనుభవంలో ఆ నిర్ణయం కొలత తీసుకున్న తర్వాత రావాలి, ముందు కాదు.

నిజంగా జారుతోందా?

లాగడం లేదన్న ప్రతి ఫిర్యాదూ క్లచ్‌దే కానక్కర్లేదు. ఫ్యూయల్ ప్రెషర్ తక్కువైనా, ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయినా, బ్రేకు పట్టేసినా బండి బరువుగా అనిపిస్తుంది. తేడా తెలిసేది ఇంజన్ వేగాన్నీ బండి వేగాన్నీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడే. ఈ బండికి టైర్లు పెద్దవి కావడంతో స్పీడోమీటరు అసలు కంటే తక్కువ చూపిస్తుంది, అందుకని వేగానికి ఫోనులోని జీపీఎస్‌ను, ఇంజన్‌కు డాష్‌బోర్డు మీది టాకోమీటరును ఆధారంగా తీసుకున్నాను. చదునైన రోడ్డు మీద నాలుగో గేరులో గంటకు 60 కి.మీ. దగ్గర సుమారు 2,300 ఆర్‌పీఎం కనిపించింది. అదే గేరులో, దాదాపు అదే వేగంతో ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కితే ముల్లు 3,000 దాటింది, జీపీఎస్ వేగం మాత్రం కదలలేదు. గేరు మారకుండా ఈ రెండింటి నిష్పత్తి మారిందంటే మధ్యలో జారుతున్నది క్లచ్ ఒక్కటే.

చక్రాలకు అడ్డుకట్టలు వేసి, బ్రేకు తొక్కి, పై గేరులో క్లచ్ వదిలి ఇంజన్ ఆగుతుందో లేదో చూసే పద్ధతి కూడా ఉంది. దాన్ని నేను ఇష్టపడను. అసలే వేడెక్కి ఉన్న ప్లేటును మరి కొంత కాల్చడం తప్ప, రోడ్డు మీద తీసుకున్న రెండు అంకెలు చెప్పనిదేదీ అది చెప్పదు.

విప్పకముందే దొరికిన ఆధారం

పెడల్ దగ్గర ఆట, అంటే క్లచ్ మీద ఒత్తిడి పడకముందు పెడల్ వదులుగా కదిలే దూరం, దాదాపు లేదు. పెడల్ మీద చేయి పెడితే చాలు, బరువు తగులుతోంది. జిప్సీలో పెడల్ దగ్గర 20 నుంచి 30 మి.మీ. ఆట ఉండాలి. అది లేకపోతే రిలీజ్ బేరింగ్ ఎప్పుడూ డయాఫ్రమ్ వేళ్ల మీద ఒరిగి ఉండి, డ్రైవరు కాలు తీసినా క్లచ్ కొంత నొక్కినట్టే ఉంటుంది. జారడానికి అదొక్కటే చాలు. ఇక్కడ కేబుల్ హెడర్ గొట్టానికి బాగా దగ్గరగా వెళ్తోంది, వేడికి పై తొడుగు గట్టిపడి, లోపలి తీగ సాఫీగా వెనక్కి రావడం లేదు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కనిపించిన కొద్దిపాటి ఆట కూడా ఘాట్ ఎక్కి దిగాక మాయమైపోయింది.

కేబుల్ మార్చి ఆట సరిచేసి పంపేయవచ్చు. కొన్ని రోజులు తగ్గేది కూడా. కానీ కేబుల్ చివర ఉన్న అడ్జస్ట్‌మెంట్ నట్టు నన్ను ఆపింది. అది వదులు చేసే వైపు దాదాపు మర చివరికి వచ్చేసి ఉంది.

ఈ నట్టు సంగతి కొంచెం వివరించాలి. కేబుల్ సాగితే ఆట పెరుగుతుంది, అప్పుడు నట్టును బిగించాలి. ప్లేటు అరిగితే జరిగేది దీనికి వ్యతిరేకం. ప్లేటు పలచబడిన కొద్దీ ప్రెషర్ ప్లేటు ఫ్లైవీల్ వైపు ముందుకు జరుగుతుంది, దాన్ని పట్టుకున్న డయాఫ్రమ్ స్ప్రింగ్ వేళ్లు గేర్‌బాక్స్ వైపు వెనక్కి లేస్తాయి, రిలీజ్ బేరింగ్‌కూ వేళ్లకూ మధ్య ఖాళీ తగ్గుతుంది. ఆ ఖాళీని తిరిగి తేవడానికి మెకానిక్ ప్రతిసారీ నట్టును కొంచెం వదులు చేస్తూ పోతాడు. అందువల్ల వదులు వైపు మర చివరికి వచ్చిన నట్టు, పూర్తిగా అరిగిపోయిన ప్లేటుకు గుర్తు. ఈ బండిలో ప్లేటు వేసి ఏడాది కూడా కాలేదు. కొత్తగా ఉన్న ప్లేటు ఆఖరి దశలో ఉన్న ప్లేటులా ప్రవర్తిస్తోందంటే, ఎక్కడో మందం తగ్గింది, తగ్గింది ప్లేటులో కాకపోవచ్చు. గేర్‌బాక్స్ దింపాలని నిర్ణయించుకున్నది ఈ ఒక్క ఆధారం మీదే.

దింపాక తీసుకున్న కొలతలు

జిప్సీలో ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజన్ శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే గేర్ల పెట్టె) గేర్‌బాక్స్‌కు విడిగా ఉంటుంది. ప్రాపెల్లర్ షాఫ్టుల ఫ్లాంజిలకు గుర్తులు పెట్టుకుని, గేర్‌బాక్స్‌కూ ట్రాన్స్‌ఫర్ కేసుకూ మధ్య ఉన్న చిన్న షాఫ్టును ముందు తీస్తే మిగతా పని చిక్కు లేకుండా సాగుతుంది. ప్రెషర్ ప్లేటు విప్పకముందు, ఫ్లైవీల్‌కు బిగించి ఉన్న స్థితిలోనే, కవరు అంచు నుంచి డయాఫ్రమ్ వేళ్ల కొసలు ఎంత ఎత్తులో ఉన్నాయో డెప్త్ గేజ్‌తో నాలుగు చోట్ల కొలిచి రాసుకున్నాను. ఈ కొలతను చాలామంది వదిలేస్తారు. బోల్టులు వదులైన మరుక్షణం ఆ సమాచారం మళ్లీ దొరకదు.

ప్లేటు బయటికి తీసి చూస్తే, చూపుకు బాగానే ఉంది. లైనింగ్ (ప్లేటుకు రెండు వైపులా రివెట్లతో బిగించిన రాపిడి పొర) పొడిగా ఉంది, ఆయిల్ మరక లేదు, రివెట్లు పైకి తేలలేదు. లైనింగ్ ముఖం నుంచి రివెట్ తలల లోతు ఒక్కో వైపు సగటున 1.0 మి.మీ. వచ్చింది. అది 0.5 మి.మీ.కి దిగినప్పుడు ప్లేటు మార్చాలన్నది మామూలు లెక్క. ఇదే రకం కొత్త ప్లేటు మీద కొలిస్తే లోతు 1.4 మి.మీ. ఉంది. అంటే అరుగుదల ఒక్కో వైపు 0.4, రెండు వైపులా కలిపి 0.8 మి.మీ. మాత్రమే. ఈ ప్లేటుకు అనుమతించే మొత్తం అరుగుదల ఒక్కో వైపు 0.9 చొప్పున 1.8 మి.మీ. కాబట్టి ఇంకా సగానికి పైగా ఆయుష్షు మిగిలి ఉండాలి. లైనింగ్ ముఖం మాత్రం అద్దంలా నున్నబడి ఉంది, ప్రెషర్ ప్లేటు మీద అక్కడక్కడ నీలి మచ్చలు పడ్డాయి.

తర్వాత ఫ్లైవీల్. క్లచ్ ప్లేటు ఆనుకునే లోపలి ముఖానికీ, ప్రెషర్ ప్లేటు కవరు బోల్టులతో కూర్చునే బయటి అంచుకూ మధ్య మట్టం తేడాను, అదే ఇంజన్‌కు చెందిన, లేత్ ఎక్కని మరో ఫ్లైవీల్‌తో పోల్చి చూశాను. స్ట్రెయిట్ ఎడ్జ్ అడ్డంగా పెట్టి ఫీలర్ గేజ్‌తో చుట్టూ కొలిస్తే, ఈ బండి ఫ్లైవీల్ లోపలి ముఖం 1.1 మి.మీ. లోతుగా ఉంది. బయటి అంచు మీద కంపెనీ నాటి మిషనింగ్ గీతలు అలాగే ఉన్నాయి, లోపలి ముఖం మీద మాత్రం లేత్ గీతలు కొత్తవి. ప్లేటు మార్చిన రెండుసార్లూ ఎవరో ఫ్లైవీల్‌ను లేత్ మీదికి ఎక్కించి, ప్లేటు తగిలే భాగాన్ని మాత్రమే నునుపు చేసి, కవరు కూర్చునే అంచును ముట్టుకోకుండా వదిలేశారు.

అసలు కారణం

ప్రెషర్ ప్లేటు లోపల ఏం జరుగుతుందో చూస్తే ఈ 1.1 మి.మీ. ఎంత పెద్దదో అర్థమవుతుంది. కవరు స్థానం బయటి అంచు నిర్ణయిస్తుంది. ప్లేటు స్థానం లోపలి ముఖం నిర్ణయిస్తుంది. లోపలి ముఖం ఎంత లోతైతే ప్లేటు అంత ముందుకు, కవరుకు దూరంగా పోతుంది. ప్రెషర్ ప్లేటు దాన్ని వెంబడించి అంత అదనంగా ముందుకు జరగాలి. డయాఫ్రమ్ స్ప్రింగ్ దృష్టిలో ఇదీ ప్లేటు అరుగుదలా ఒకటే. ఫ్లైవీల్ పోగొట్టుకున్న 1.1, లైనింగ్ పోగొట్టుకున్న 0.8 కలిపితే 1.9 మి.మీ. అనుమతించినది 1.8. రివెట్ లోతు చూస్తే సగం మిగిలిన ఈ ప్లేటు, స్ప్రింగ్ లెక్కలో అప్పటికే హద్దు దాటింది.

కొత్త ప్లేటు వేసిన కొన్నాళ్లు బాగుండి తర్వాత జారడానికి వివరణ కూడా ఇక్కడే ఉంది. కాయిల్ స్ప్రింగులున్న పాతకాలపు క్లచ్‌లలో ప్లేటు అరిగిన కొద్దీ నొక్కు బలం నేరుగా తగ్గుతూ పోతుంది. డయాఫ్రమ్ స్ప్రింగ్ స్వభావం అలాంటిది కాదు. కొత్త ప్లేటుతో మొదలైన నొక్కు బలం, అరుగుదల పెరిగే కొద్దీ మొదట కొంచెం పెరుగుతుంది, ఒక శిఖరం దాటాక వేగంగా పడిపోతుంది. తయారీదారు అరుగుదల హద్దును ఆ పడిపోయే భాగం రాకముందే పెడతాడు. ఫ్లైవీల్ లోతు వల్ల ఈ బండిలో కొత్త ప్లేటు ప్రయాణం ఆ వంపు మధ్యలో మొదలైంది. వేసిన రోజున పట్టు బాగానే ఉంటుంది, ఇంకా చెప్పాలంటే కొంత ఎక్కువే అనిపించవచ్చు. ఆ తర్వాత కొద్దిపాటి అరుగుదలకే శిఖరం దాటిపోతుంది. జారడం మొదలయ్యాక వేడి, వేడికి లైనింగ్ నున్నబడటం, అందువల్ల మరింత జారడం ఒకదాన్నొకటి తరుముకుంటూ వస్తాయి.

బలం తగ్గితే జారడం ఏ పరిస్థితిలో కనిపిస్తుందో ఒక లెక్కతో చెప్పవచ్చు. క్లచ్ మోయగల టార్క్ అంటే ఘర్షణ గుణకం, నొక్కు బలం, లైనింగ్ సగటు వ్యాసార్ధం, ముఖాల సంఖ్య, ఈ నాలుగింటి లబ్ధం. ఉదాహరణకు ఘర్షణ గుణకం 0.3, నొక్కు బలం 3,000 న్యూటన్లు, సగటు వ్యాసార్ధం 0.08 మీటరు, ముఖాలు రెండు అనుకుంటే 144 న్యూటన్ మీటర్లు వస్తుంది. 103 న్యూటన్ మీటర్ల ఇంజన్‌కు ఇది నిశ్చింతగా సరిపోతుంది. నొక్కు బలం 30 శాతం పడిపోతే అదే లెక్క 101 దగ్గర ఆగుతుంది. ఊళ్లో సగం యాక్సిలరేటర్‌తో తిరిగినంత కాలం ఏ తేడా తెలియదు, ఇంజన్ తన పూర్తి టార్క్ ఇచ్చే ఘాట్ రోడ్డు మీదే జారుడు బయటపడుతుంది. ఆయన చెప్పిన లక్షణం ఇదే.

టైర్ల పాత్ర

పెద్ద టైర్ల వల్లే క్లచ్ జారుతోందని మొదట అందరూ అన్నారు. ఇందులో సగం నిజం ఉంది. 205/70 ఆర్15 టైరు వ్యాసం 668 మి.మీ., 235/75 ఆర్15 టైరు వ్యాసం 733.5 మి.మీ. తేడా 9.8 శాతం. బండి కదులుతున్నప్పుడు, డ్రైవరు క్లచ్‌ను ఒక్కసారిగా వదిలి కుదుపు ఇస్తే తప్ప, క్లచ్ మీద పడే టార్క్ ఇంజన్ ఇచ్చే దానికి మించదు. టైరు ఎంత పెద్దదైనా 103 కాస్తా 113 అయిపోదు. కాబట్టి సరైన నొక్కు బలం ఉన్న క్లచ్‌ను టైర్లు నాలుగో గేరులో జారేలా చేయలేవు.

టైర్ల ప్రభావం పడేది బండిని కదిలించేటప్పుడు. ఆగి ఉన్న బండిని ఒకే ఇంజన్ వేగం దగ్గర కదిలిస్తే, క్లచ్‌లో పుట్టే వేడి చక్రం వ్యాసార్ధం వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. 1.098 వర్గం 1.2, అంటే ప్రతిసారీ సుమారు 20 శాతం ఎక్కువ వేడి. ముందు బంపరు, వించి బరువు దీనికి అదనం. ఘాట్ మలుపులో ఎదురుగా బస్సు వచ్చినప్పుడు హ్యాండ్‌బ్రేకు వేయకుండా హాఫ్ క్లచ్ మీద బండిని నిలబెట్టే అలవాటు తోడైతే లైనింగ్ త్వరగా అరుగుతుంది. టైర్లు అరుగుదలను తొందరపెట్టాయి, ఫ్లైవీల్ ఆ అరుగుదలకు చోటు లేకుండా చేసింది. టైర్లు ఒక్కటే మార్చి ఉంటే ఈ జారుడు కొంత ఆలస్యమయ్యేది తప్ప పోయేది కాదు.

చేసిన పని

సెరామిక్ ప్లేటు విషయం యజమానితో మొదటే తేల్చుకున్నాను. సెరామిక్ బిళ్లల ప్లేటుకు ఘర్షణ ఎక్కువ, కానీ అది మెల్లగా పట్టదు. ఘాట్‌లో రివర్సు తీసేటప్పుడు, బురదలో అంగుళం అంగుళం కదిపేటప్పుడు ఆ కుదుపంతా గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేసు, ప్రాపెల్లర్ షాఫ్ట్ క్రాసుల మీద పడుతుంది. ఇంకా గట్టి ప్రెషర్ ప్లేటు వేస్తే పెడల్ బరువెక్కి, కేబుల్ మీదా, తొక్కిన ప్రతిసారీ ఇంజన్‌లోని క్రాంక్ థ్రస్ట్ వాషర్ల మీదా భారం పెరుగుతుంది. టార్క్ పెంచని ఇంజన్‌కు ఈ రెండూ అనవసరం. పైగా లోతైన ఫ్లైవీల్ మీద గట్టి స్ప్రింగ్ వేసినా అది తన వంపులో తప్పు చోటే పనిచేస్తుంది.

ఫ్లైవీల్‌ను కాపాడే దారి ఒకటుంది: బయటి అంచు నుంచి కూడా 1.1 మి.మీ. తీసి, రెండు ముఖాల మధ్య అసలు తేడాను తిరిగి తేవడం. సాధారణంగా నేను చేసేది అదే, గాజువాక ఆటోనగర్‌లో ఫ్లైవీల్‌ను కొలత ప్రకారం గ్రైండింగ్ చేసి ఇచ్చేవారు ఉన్నారు. కానీ ఇక్కడ లోపలి ముఖం మీద వేడికి సన్నని వెంట్రుక పగుళ్లు కనిపించాయి. వాటిని పోగొట్టాలంటే ఇంకా లోతుకు వెళ్లాలి, అంత పలచబడిన ఫ్లైవీల్‌ను ఇంజన్ వేగంతో తిప్పడం ప్రమాదకరం. అందువల్ల పోలికకు తెచ్చిన మరో ఫ్లైవీల్‌నే కొని, రింగ్ గేర్ పళ్లు పరీక్షించి వాడాను. క్రాంక్‌కు బిగించాక డయల్ గేజ్ పెట్టి తిప్పితే ముఖం ఊగుడు 0.1 మి.మీ. లోపే ఉంది. కవరు కింద వాషర్లు పెట్టడమో, తీయడమో చేసి సర్దుబాటు చేయమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. డోవెల్ పిన్నుల మీద కూర్చునే కవరుకు అలాంటివి చేయకూడదు, కేంద్రం తప్పితే కంపనం మొదలవుతుంది.

ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మూడూ కంపెనీ స్పెసిఫికేషన్‌కు చెందినవే కొత్తవి వేశాను. నీలి మచ్చలు పడిన ప్రెషర్ ప్లేటులో స్ప్రింగ్ పదును ఎంత పోయిందో గ్యారేజీలో కొలవలేం కాబట్టి దాన్ని తిరిగి వాడే ప్రశ్నే లేదు. క్రాంక్ వెనక ఆయిల్ సీల్ వద్ద చెమ్మ మాత్రమే ఉన్నా మార్చాను, ఈ జారుడుకు అది కారణం కాదు, గేర్‌బాక్స్ దింపి ఉన్నప్పుడు కాక మరెప్పుడూ దాని దగ్గరికి చేయి పోదు. గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ స్ప్లైన్ల (నిలువు గాళ్ల) మీద ప్లేటు సాఫీగా జరుగుతోందని చూసి, అతి పలచగా గ్రీజు రాసి, మిగిలింది తుడిచేశాను. అలైన్‌మెంట్ షాఫ్ట్‌తో ప్లేటును మధ్యకు తెచ్చి, కవరు బోల్టులను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగిస్తూ, చివరికి టార్క్ రెంచితో మాన్యువల్ చెప్పిన బిగువుకు తెచ్చాను.

ఇప్పుడు డయాఫ్రమ్ వేళ్ల ఎత్తు మళ్లీ కొలిస్తే, విప్పకముందు ఉన్న దానికంటే సుమారు 6 మి.మీ. లోపలికి ఉన్నాయి. ఈ రకం స్ప్రింగులో వేళ్ల కొసలు ప్రెషర్ ప్లేటు కదలికకు దాదాపు మూడింతలు కదులుతాయి కాబట్టి, 1.9 మి.మీ. తేడాకు ఈ కొలత సరిగ్గా సరిపోతుంది. నా రోగ నిర్ధారణ మీద నాకు పూర్తి నమ్మకం కుదిరింది ఈ అంకె చూశాకే.

కేబుల్ కొత్తది వేసి, హెడర్‌కు దూరంగా మళ్లించి, మధ్యలో రేకుతో వేడి అడ్డు పెట్టాను. పెడల్ దగ్గర 25 మి.మీ. ఆట ఇస్తే నట్టు మర మధ్యలో నిలిచింది. ఇంజన్ బాగా వేడెక్కాక చూసినా ఆట మారలేదు.

ఫలితం, మిగిలిన విషయాలు

మొదటి 500 కి.మీ. పూర్తి యాక్సిలరేటర్ వాడవద్దని, బరువు లాగవద్దని చెప్పాను. లైనింగ్ ఫ్లైవీల్ ముఖానికి ఒదగడానికి ఆ మాత్రం నెమ్మది అవసరం. ఆ తర్వాత యజమానితో కలిసి పాడేరు ఘాట్ ఎక్కి చూస్తే, నాలుగో గేరులో పూర్తిగా నొక్కినా 60 కి.మీ. దగ్గర ముల్లు 2,300 చుట్టూనే ఉండి, వేగంతో పాటే పెరిగింది. వాసన లేదు. సుమారు 5,000 కి.మీ. తర్వాత సర్వీసుకు వచ్చినప్పుడు పెడల్ ఆట 23 మి.మీ. ఉంది, నట్టును ముట్టుకోవలసిన పని పడలేదు.

టైర్లు ఈసారి అరిగాక 215/75 ఆర్15కి దిగమని సూచించాను. దాని వ్యాసం 703.5 మి.మీ., అసలు టైరు కంటే 5.3 శాతమే ఎక్కువ, బండిని కదిలించేటప్పటి అదనపు వేడి 20 నుంచి 11 శాతానికి తగ్గుతుంది. మట్టి బాటలో కావలసిన ఎత్తు కొంత పోతుందని ఆయన ఇంకా ఒప్పుకోలేదు, 235 టైర్లతోనే తిరుగుతున్నారు. అందుకు బదులుగా బురదలో, రాళ్ల బాటలో ఎక్కేటప్పుడు ఫోర్ వీల్ లో రేంజి (నాలుగు చక్రాలకూ నెమ్మదిగా, ఎక్కువ బలంతో శక్తినిచ్చే గేరు) ముందే వేసుకోవడానికీ, ఘాట్ మలుపుల్లో ఆగితే హ్యాండ్‌బ్రేకు మీదే నిలబడటానికీ అంగీకరించారు. తారు రోడ్డు మీద మాత్రం లో రేంజి వద్దన్నాను. ఈ బండిలో ముందు, వెనక యాక్సిళ్ల మధ్య వేగాల తేడాను సర్దే డిఫరెన్షియల్ లేదు, పట్టున్న రోడ్డు మీద మలుపు తిరిగితే ఆ ఒత్తిడి గేర్ల మీద పడుతుంది.

జాబ్ కార్డులో ఫ్లైవీల్ రెండు ముఖాల మట్టం తేడాను, కొత్త ప్లేటు రివెట్ లోతును, బిగించాక వేళ్ల ఎత్తును, నట్టు ఉన్న స్థానాన్ని రాసి ఒక ప్రతి యజమానికి ఇచ్చాను. ఈ బండి క్లచ్ మళ్లీ ఎవరు విప్పినా, ఫ్లైవీల్‌ను లేత్ మీదికి పంపే ముందు ఆ కాగితం చూపించమని, రెండు ముఖాల నుంచీ సమానంగా తీస్తేనే ఒప్పుకోమని ఆయనకు చెప్పాను.